వెలుగు ముద్ద

సోమవారం

ఖాళీ మంచం నల్లగా రాలేదు.

కెమెరా గది నియమం ప్రకారం ముందు ఈ సంగతే రాయాలి. రోజూ పొద్దున్న రోగుల్ని పడుకోబెట్టక ముందే ఖాళీ మంచానికి ఒక బొమ్మ తీసి, ఏం కనిపించిందో కొండ కింద సముద్రపు ఊరి పెద్దాసుపత్రికి పంపాలి. నేను ఈ గదికి వచ్చినప్పట్నుంచీ పంపింది ఒకటే మాట: నలుపు. ఈ కెమెరా తనంతట తాను ఏమీ వదలదు. ఒంట్లోకి ఎక్కించిన మందు లోపల్నుంచి వెలిగితే, ఆ వెలుగుని సీసపు జల్లెడలోంచి పట్టుకుంటుంది. అంతే. మనిషే లేని మంచంలో వెలగడానికి ఏముంటుంది? ఇవాళ మాత్రం తలగడ దగ్గర పాలు విరిగిన నీళ్ళలా ఒక మసక. మళ్ళీ తీశాను. మళ్ళీ అదే.

ఈలోగా మందుకుండ గంట వినిపించింది. కుంపటి ఉన్న సొరంగం నుంచి సీసపు కుండని ట్రాలీ మీద పెట్టి, పాత రైలు పట్టాల మీద తోసుకొస్తారు. గంట వింటే చాలు, సొరంగంలో కాపురముండే మా జనమంతా గోడవైపు తిరిగి నిలబడతారు, చంటిపిల్లల్ని కొంగుల్లో దాచుకుని. కుంపటి అంటే బొగ్గులది కాదు. లోహపు గింజల్ని న్యూట్రాన్లలో ఉడికించి మందు తీసేది. ఆ పేరు మా ముసలమ్మలు పెట్టిందే. అందులోంచి వచ్చేది పూటమందు. పూటకి సగం, ఇంకో పూటకి అందులో సగం, అలా కరిగిపోతుంది కాబట్టి దానికెవరూ అడ్డు రారు. పెళ్ళి ఊరేగింపైనా పక్కకి తప్పుకుంటుంది.

తలగడ తీసి బయట పడేశాను. దుప్పటి మార్చాను. సబ్బునీళ్ళతో మంచం కడిగి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డనీ పడేశాను. అప్పుడు తీస్తే నలుపు. హమ్మయ్య అనుకుని, కెమెరా నడుస్తుండగానే మంచం మీదికి వంగి పట్టీ సరిచేస్తున్నాను. తల తిప్పి తెర చూశాను.

మసక మళ్ళీ వచ్చింది. ఈసారి చిన్నగా, ఒకేచోట.

నేను ఎడమకి జరిగాను. అదీ ఎడమకి జరిగింది.

మంగళవారం

నిద్ర పట్టలేదు. తెర మీద ఆ మసక నా గొంతు ఉన్నచోటే. ఉమ్ము మింగిన ప్రతిసారీ గొంతులో ఏదో దిగుతున్నట్టే ఉంది. నేను జన్మలో ఏ మందూ ఎక్కించుకోలేదు. నా గొంతెందుకు వెలగాలి?

డాక్టర్ పారినాయుడు గారితో చెప్పాను. ఆయన సముద్రపు ఊరి మనిషి. ఎండలు నిప్పులు చెరిగే ఈ మండుకారు మొదట్లో కొత్త మందుతో కొండ మీదికొచ్చారు. గొంతు గడ్డల కోసం కొత్తగా కనిపెట్టిన మందు అది. మింగితే ఒళ్ళంతా తిరిగి గొంతులోని గ్రంథినే వెతుక్కుని, అక్కడ కూర్చుని గడ్డని కాల్చేస్తుంది. పూటమందులా తొందరగా పోదు. సగం కావడానికే వారం పైన పడుతుంది. మా వాళ్ళు దానికి వారాలమందు అని పేరు పెట్టారు. కెమెరాలో గాజుపలక పాతబడిపోయి ఉంటుందమ్మా, నీకేమీ లేదు, అని ఆయన నవ్వేశారు. గాజుపలక పాతబడితే మసక నాతోపాటు నడుస్తుందా అని అడగబోయి ఊరుకున్నాను. సముద్రపు ఊరికి బదిలీ కోసం నేను పెట్టిన అర్జీ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

మధ్యాహ్నం అక్క ఎప్పట్లాగే క్యారేజీ పట్టుకుని వచ్చింది. మా నాన్న మా ఇద్దరికీ ఎండిపోయిన నదుల పేర్లు పెట్టాడు. అక్క నాగావళి, నేను చంపావతి. అక్కకి ఐదో నెల. బావ కొండ మీద సూర్యఫలకాల పనికి పోయాడు, మండుకారు దాటేదాకా రాడు. ఇంట్లో అక్కా, వాళ్ళత్త సన్యాసమ్మా. వారాలమందు మింగి బతికి బట్టకట్టిన మొదటి మనిషి ఈ సన్యాసమ్మే. గొంతులో నిమ్మకాయంత గడ్డతో వచ్చి, ఇప్పుడు సొరంగమంతా వినబడేలా మాట్లాడుతోంది.

క్యారేజీలో పెరుగన్నం. "అత్త తన చేత్తో కలిపింది, వదలకుండా తినమంది. నాకైతే రోజూ ముద్దలు చేసి నోట్లో పెడతంది, నాకు చేతులు లేనట్టు," అని అక్క నవ్వింది. గొంతు గురించి దానికేమీ చెప్పలేదు. ఒక్క నిమిషం కెమెరా ముందు నిలబడు, మందు తీసుకోని మనిషి కావాలి, గాజుపలక బాగుందో లేదో చూసుకోవాలి, అన్నాను. కడుపుతో ఉన్నదాన్ని, నన్నా, అని వెనక్కి తగ్గింది. ఇది కన్నులాంటిదే, చూస్తుందే గానీ ఏమీ చెయ్యదు అని ఒప్పించాను.

తెర మీద సీతాకోకచిలుక వచ్చింది.

గొంతు గ్రంథి ఆకారం అదే, రెండు రెక్కలు. పుస్తకంలో చూశాను, సన్యాసమ్మ బొమ్మలోనూ చూశాను. అక్క గొంతులో అది నాకంటే చాలా ఎక్కువగా వెలుగుతోంది. అక్క తెర వైపు చూడటం లేదు, గోడ మీది పాత రైల్వే అంకెల్ని చదువుకుంటోంది. ఎందుకు చేశానో తెలీదు, కెమెరాని మెల్లగా కిందికి దించాను. ఛాతీ, నలుపు. పొట్ట దగ్గర కాసేపు ఆపాను.

బొడ్డు కింద ఒక చుక్క. కాసేపు ఉంచితే ఇంకొంచెం తేరుకుంది. చుక్క కాదు. దానికీ రెండు రెక్కలు.

"అయిపోయిందేటే?" అంది అక్క.

అయిపోయిందన్నాను. క్యారేజీ ముట్టుకోలేదు. ఆకలి లేదని చెప్పాను.

బుధవారం

పారినాయుడు గారు బొమ్మ ముందు చాలాసేపు కూర్చున్నారు. చిన్న సీతాకోకచిలుక మీద వేలు పెట్టబోయి తీసేశారు. ఆయన ముఖం చూశాకే నాకు నిజంగా భయమేసింది. అంతవరకూ ఆయన నవ్వుతారేమో, నేను ఏదో తప్పుగా చదివి ఉంటానేమో అని ఆశ ఉండేది.

లోపలికెలా పోయిందమ్మా అని అడిగారు. పక్కన కూర్చుంటే గొంతులోకి చేరదు, మింగాలి. చెమటలో, ఉమ్ములో వస్తుంది గానీ, ఎవరి చెమట ఎవరు మింగుతారు?

అప్పుడు తట్టింది. ఆయనకి వెలుగు ముద్ద సంగతి తెలీదు. ముద్ద పెట్టేవాడు తప్ప మగవాళ్ళు ఆ తంతులో ఉండరు, పైగా ఆయన బయటి మనిషి. మందు పుచ్చుకున్నవాళ్ళు ఒక్క పొద్దు మైల గదిలో విడిగా కూర్చుంటారు. ఈ పద్ధతి పూటమందు రోజుల నాటిది. మర్నాటి పొద్దుకి ఒంట్లో ఏమీ మిగలదు కనుక మంచి పద్ధతే. తలంటి పోసుకుని బయటికొచ్చి, ఇంట్లో కడుపుతో ఉన్న ఆడదానికి తమ చేత్తో అన్నం కలిపి మొదటి ముద్ద పెడతారు, అదే వెలుగు ముద్ద. గండం గడిచిన చేతి ముద్ద కడుపు కాస్తుందని నమ్మకం. సన్యాసమ్మ వారాలమందు మింగింది. ఒక్క పొద్దే కూర్చుంది. వచ్చి ముద్ద పెట్టింది. ప్రేమ కొద్దీ రోజూ పెడుతూనే ఉంది, నాకు క్యారేజీలోనూ పంపుతూనే ఉంది. మొన్న బొమ్మకి పడుకున్నప్పుడు తలగడకి అంటింది కూడా ఆవిడ చెమటే.

కొన్ని వారాలు విడిగా ఉండాలని నేను చెప్పానే, ఆవిడ తలూపిందే, అన్నారాయన. తలూపింది, నిజమే. కానీ మా సొరంగంలో ఒక్క పొద్దు దాటి విడిగా కూర్చోబెట్టేది వెలివేసినవాళ్ళనే. దొంగతనం చేసినవాళ్ళనీ, నీళ్ళ తొట్టి పాడుచేసినవాళ్ళనీ. బతికొచ్చిన మనిషి ఎందుకు కూర్చుంటుంది? ఆయన చెప్పింది వైద్యం, ఆవిడకి వినిపించింది అవమానం. ఇద్దరూ మర్యాదగా తలూపుకున్నారు.

కుంపటి దగ్గర ప్రమాదాల పెట్టెలో ఉప్పుబిళ్ళలు ఉన్నాయి. గొంతుని మామూలు అయోడిన్‌తో నింపేస్తే కొత్త వెలుగు లోపలికి పోదు. అక్కని పిలిపించి, బిళ్ళ చేతిలో పెట్టి, అంతా చెప్పాం. అది ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి కూడా వేసుకోలేదు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు.

"దాని గొంతు కాలిపోతోందా?" అని నన్నడిగింది, డాక్టరుని కాదు.

తెలీదన్నాను. నిజంగా తెలీదు. పెద్దవాళ్ళకి అది కొంచెమే. ఇంకా గోళీకాయంత కూడా లేని గ్రంథికి ఎంతైతే కొంచెమో పారినాయుడు గారికీ తెలీదు. ఇప్పటికే చేరిందాన్ని బిళ్ళ బయటికి తీయలేదు.

అక్క వెళ్ళాక ఆయన తలుపు వేసి, ఈ మాట బయటికి పోనివ్వొద్దని బతిమాలారు. గొంతు గడ్డలతో ఇంకా ముగ్గురు వరుసలో ఉన్నారు. భయపడి మందు మానేస్తే ఈ వానలు చూడరు. తవిటయ్య ఈపాటికే మందు మింగి మైల గదిలో ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పి అతన్ని ఇంకొన్నాళ్ళు లోపలే ఉంచుదాం అన్నారు. ఏం చెప్తారండీ, అతన్ని వెలివేశామని చెప్తారా, రేపు పొద్దున్న కడుపుతో ఉన్న అతని కోడలు నోరు తెరిచి కూర్చుంటుంది, అన్నాను. నా గొంతు అంత పెద్దగా లేస్తుందని నాకే తెలీదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ ముగ్గురి పేర్లూ నాకు తెలుసు. వాళ్ళు బతకాలి. ఈ బిడ్డా బతకాలి. రెండూ ఒకేసారి ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

గురువారం

పొద్దున్నే సన్యాసమ్మ దగ్గరికి వెళ్ళాను. తవిటయ్య బయటికొచ్చే తంతు నడిపించేది ఆవిడే, మొదట బతికింది కనుక. పట్టుచీర కట్టుకుని ఉంది. చెయ్యి పట్టుకుని కెమెరా గదికి లాక్కొచ్చాను.

"ఏటే గుంటా, పొద్దున్నే సెయ్యట్టుకుని లాక్కెలిపోతన్నావు. నాకు మళ్ళీ పెళ్ళిగాని సేస్తావేటి?"

కుడిచెయ్యి మంచం మీద పెట్టు అత్తా, అన్నాను. పెట్టింది. కెమెరా దించాను. తెర మీద వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తేలాయి. మొదట అరచెయ్యి, తర్వాత బొటనవేలు, చివరికి గోళ్ళ దగ్గర చిక్కగా.

"ఇది నా సెయ్యేనేటి?"

"నీదే."

"ఎంత బాగుందే," అంది. చిన్నపిల్లలా వేళ్ళు కదిపి చూసుకుంది. తెర మీద వేళ్ళు కదిలాయి.

ఆ మాట అననిచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. రెండో బొమ్మ పెట్టాను. పెద్ద సీతాకోకచిలుక చూసి, ఇది నాదేనా అంది. కాదు, నాగావళిది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. వేలితో కిందికి చూపించింది.

"ఈ సిన్నదో?"

"లోపలున్నదానిది, అత్తా."

ఆవిడ నిరక్షరాస్యురాలే గానీ తెలివితక్కువది కాదు. తెర వైపు చూసింది, చేతి వైపు చూసింది. చెయ్యి మెల్లగా మంచం మీంచి తీసి, కొంగులో చుట్టేసుకుంది.

"నా ముద్దేనా?"

అవునన్నాను. ఇంకేమీ అనలేకపోయాను. ఎవరూ కావాలని చేసింది కాదని, డాక్టరు చెప్పిందీ నువ్వు విన్నదీ వేరని చెబుదామనుకున్నాను. బయట డప్పు మోగింది. ఆవిడ లేచి నడిచింది. నేను వెనక పరిగెత్తాను.

మైల గది ముందు ముగ్గేసి ఉంది. తవిటయ్య తలంటుకుని, తుండు భుజాన వేసుకుని, కంచంలో అన్నం కలుపుతున్నాడు. కోడలు పిల్ల పీట మీద కూర్చుని ఉంది. ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.

"తవిటయ్యా, కంచం కింద పెట్టు," అంది సన్యాసమ్మ.

అతను పరాచికమనుకున్నాడు. కోడలు నోరు తెరిచింది. సన్యాసమ్మ మధ్యలోకి వెళ్ళి నిలబడింది, చెయ్యి మాత్రం కొంగులోంచి తీయలేదు. మోకాలితో కంచాన్ని తోసింది. అన్నం ముగ్గులో పడింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి వెనక్కి తగ్గారు. అన్నాన్ని కాలితో తోసిన మనిషిని మా సొరంగంలో ఎవరూ చూసి ఉండరు.

"ఈ మందు పూటలో పోయేది కాదు. నా సెయ్యి ఇంకా ఎలుగుతంది. ఆ సేత్తోనే నా కోడలికి పెట్టినాను, దాని కడుపులో గుంటకీ పెట్టినాను. ఎలుగు సూసినాను, నా కళ్ళతో." కొంగులోని చేతిని ఇంకా దగ్గరికి లాక్కుంది. "మందు మంచిదే. అది లేకపోతే నానీపాటికి బూడిదైపోదును. అందరూ మింగండి. కాని డాక్టరు బాబు రమ్మన్నదాకా గది దాటి రాకండి. ఎలి అంటారా? ముందు నన్ననండి, పేరెట్టి అనండి. నాను ఎలిపోతన్నాను. తవిటయ్యా, నడు."

వెనకనుంచి ఎవరో, మొగోడితో ఒక గదిలోనా, అన్నారు.

"ఈడి మొకానికా? నా మొగుడు సొర్గంలో ఇరగబడి నవ్వుకుంటాడు," అని సన్యాసమ్మ గది గడప దాటి లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరూ నవ్వలేదు. కానీ తవిటయ్య వెళ్ళాడు. అతని కోడలు ముగ్గులో పడిన మెతుకుల్ని చూస్తూ చాలాసేపు పీట మీదే ఉండిపోయింది. పారినాయుడు గారు జనం వెనకాల నిలబడి ఉన్నారు. నా వైపు చూడలేదు. మధ్యాహ్నం గదికి అడ్డగోడ కట్టడానికి ఇద్దరు మనుషుల్ని తీసుకుని ఆయనే వచ్చారు.

మండుకారు చివర

వారం వారం అక్కని కెమెరా ముందు నిలబెడుతున్నాను. నా గొంతు నల్లబడింది. అక్క గొంతులో సన్నగా రెండు గీతలే మిగిలాయి. అక్క ఇప్పుడు తెర వైపే చూస్తుంది.

ఇవాళ కిందికి దించితే పొట్ట దగ్గర ఏమీ లేదు. చాలాసేపు ఉంచాను. నలుపు.

అక్క నా చెయ్యి పిండేసింది. నేను మాత్రం కెమెరా ఆపలేదు. వెలుగు పోయిందంటే మందు కరిగిపోయి ఉండాలి. లేదా దాన్ని పట్టుకోవడానికి అక్కడ గ్రంథే మిగలకపోయి ఉండాలి. ఈ రెంటిలో ఏదో కెమెరా చెప్పదు. గ్రంథి లేకుండా పుట్టిన పిల్లలు ఎదగరు, మెదడూ ఎదగదు. వెంటనే కనిపెట్టి, గ్రంథి చేసే రసాన్ని బిళ్ళగా వేస్తే తప్ప.

అక్కతో ఇదంతా చెప్పాను. తర్వాత మైల గది తలుపు దగ్గరికి వెళ్ళాను. వరుసలోని ముగ్గురిలో ఇద్దరు కూడా మందు మింగి ఆ గదుల్లోనే ఉన్నారు. మూడో ఆయన ఇంకా జంకుతున్నాడు. అక్క రోజూ గది బయట దూరంగా పీట వేసుకుని కూర్చుంటుంది. అత్తాకోడళ్ళు కేకలతోనే కబుర్లు చెప్పుకుంటారు. సొరంగంలో సగం మందికి వాళ్ళ ఇంటి కూర ఏంటో తెలిసిపోతుంది.

ఏటి కనబడింది గుంటా, అని సన్యాసమ్మ తలుపు వెనకనుంచి అడిగింది.

ఏమీ కనబడలేదు, అది మంచికో చెడుకో పుట్టాకే తెలుస్తుంది అని చెప్పాను. అబద్ధం చెప్పి ఉండాల్సిందా అనిపించింది.

"సరే," అంది. "పుట్టీదాకా బయపడదాం. నువ్వు మాత్రం సూడ్డం మానీకు."

వానలు

ఆడపిల్ల. తెల్లారాక పుట్టింది. సొరంగం పైన వాన కొండని దంచుతోంది.

గ్రంథి లేని పిల్లల ఏడుపు బొంగురుగా ఉంటుందని చదివాను. చెవులు రిక్కించి విన్నాను. బొంగురుగానే వినిపించింది. పక్కింటి పిల్లాడి ఏడుపూ వెళ్ళి విన్నాను, అదీ బొంగురుగానే ఉంది. నా చెవుల్ని నేను నమ్మడం మానేశాను. పారినాయుడు గారు మడమలోంచి చుక్క నెత్తురు తీసి, మంచులో పెట్టి కిందికి పంపించారు. ట్రాలీ గంట మోగగానే అలవాటు కొద్దీ అందరూ గోడవైపు తిరిగారు. అందులో మందు లేదు, చుక్క నెత్తురే. ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. నేనూ తిరిగి నిలబడ్డాను.

జవాబు వచ్చింది. గ్రంథి ఉంది, కానీ చాలదు. రోజూ ఒక బిళ్ళ, బతికినంత కాలం. మొదట్లోనే పట్టుకున్నారు కనుక పిల్ల అందరిలాగే ఎదగాలి. "ఎదుగుతుంది" అని రాయలేదు, "ఎదగాలి" అని రాశారు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అదే ట్రాలీలో నా బదిలీ కాగితం కూడా వచ్చింది. మడత విప్పలేదు.

సన్యాసమ్మ గది దాటి వచ్చి చాలా రోజులైంది. అయినా వంటింట్లోకి పోదు. మనవరాల్ని దూరం నుంచే చూస్తుంది, చేతులు కొంగులో చుట్టుకుని. ఆ చేతుల్లో ఏమీ లేదని నేనెన్నిసార్లు చెప్పినా వినదు. నిన్న అక్క బిళ్ళ నలిపి, పాలల్లో కలిపి, చెంచాని ఆవిడ ముందుకి చాపింది. రోజూ నువ్వే వెయ్యాలత్తా, అంది. ఆవిడ వెనక్కి తగ్గి గోడకి ఆనుకుంది. అక్క చెంచా దించలేదు.

ఆవిడ నా వైపు చూసింది.

"ముందు నువ్వు సూడు," అంది.

ఇవాళ పొద్దున రోగులెవరూ రాకముందే వచ్చింది. కొంగులోంచి చెయ్యి తీసి మంచం మీద పెట్టింది. అవసరమున్న దానికంటే చాలాసేపు కెమెరాని అలాగే ఉంచాను. తెర వైపు ఇద్దరం చూశాం. ఆవిడ వేళ్ళు ఒకటొకటిగా కదిపింది. తెర మీద ఏదీ కదల్లేదు.

పో అత్తా, పాప కాచుకునుంది, అన్నాను. రేపు కూడా సూడాల, ఎల్లుండి కూడా సూడాల, అని చెప్పి మరీ వెళ్ళింది.

కిందికి పంపినది:

ఖాళీ మంచం, నలుపు. సన్యాసమ్మ చెయ్యి, నలుపు.